అచ్చులో బొమ్మ మసకబారినప్పుడు

గృహపత్రిక సంచిక వెలువడిన మరునాడు సంపాదకవర్గ సభ్యుని బల్ల వద్దకు వచ్చేవారు సాధారణంగా రెండు కోవలకు చెంది ఉంటారు. తమ పేరు అచ్చుతప్పుతో వచ్చిందని చెప్పేవారిది మొదటి కోవ. తమ అమ్మాయికి వచ్చిన ర్యాంకు వార్త వేయలేదని నొచ్చుకునేవారిది రెండవ కోవ. కొన్ని సంవత్సరాల క్రితం ఒక మధ్యాహ్నం మా విభాగానికి వచ్చిన ఒక గృహిణి ఈ రెండింటిలో దేనికీ చెందరు. ఆమె భర్త మన కర్మాగారంలో 27 సంవత్సరాలు క్రేను ఆపరేటరుగా పనిచేసి, సర్వీసులో ఉండగానే హఠాత్తుగా కన్నుమూశారు. ఆ నెల సంచికలో ఆయనకు నివాళిగా ఒక పుట కేటాయించి, ఛాయాచిత్రం పెద్దదిగా వేశాము.

ఆమె చేతిసంచిలో నుండి పత్రిక తీసి, ఆ పుట తెరిచి నా ముందు ఉంచారు. "సార్, ఇందులో ఉన్నది మావారేనా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. నిజంగానే పోల్చుకోలేక అడిగినట్లుంది. పుట మీద చూస్తే కళ్ళు ఉండవలసిన చోట రెండు నల్లటి మచ్చలు, మీసం ఉండవలసిన చోట మెట్లు మెట్లుగా ఒక పట్టీ, చెంపల మీద చదరపు గడులు కనిపించాయి. క్రింద పేరు, స్టాఫ్ నంబరు మాత్రం చక్కగా అచ్చయి ఉన్నాయి. ఆ పుటను ముద్రణకు అనుమతిస్తూ సంతకం చేసినవాడిని నేనే. "అమ్మా, పొరపాటు మాదే. వచ్చే సంచికలో సరిగా వేస్తాము" అని చెప్పగలిగానే కాని, పొరపాటు ఎక్కడ జరిగిందో ఆ క్షణాన నాకూ తెలియదు.

నేను వృత్తిరీత్యా నిర్వహణ విభాగపు ఇంజనీరును. బేరింగు విఫలమైతే గ్రీజును నిందించే ముందు షాఫ్టు అలైన్‌మెంటు సరిచూడాలని మాకు నేర్పారు. పుట విషయంలోనూ అదే పద్ధతిని అనుసరించాలని నిశ్చయించుకున్నాను. ముద్రణాలయం వారిని నిందించడం సులభం. "ప్రెస్సువాళ్ళు పాడుచేశారు" అనే మాట మన కార్యాలయాలలో తరచుగా వినిపిస్తుంది. కాని ముద్రణాలయానికి వెళ్ళిన ఫైలును తిరిగి తెప్పించి తెరిచి చూడగా, లోపం అక్కడికి చేరకముందే మా గదిలోనే జరిగిందని తేలింది.

ఆ ఛాయాచిత్రపు ప్రయాణం విచారణలో ఇలా బయటపడింది. భద్రతా వారోత్సవం నాడు షాపు ఫ్లోరులో నలభై మందికి పైగా నిలబడి తీయించుకున్న సామూహిక చిత్రం అది. తీసిన సెల్‌ఫోను మంచిదే. ఆ చిత్రం ఒకరి నుండి ఒకరికి సందేశాల యాప్ ద్వారా నాలుగైదు చేతులు మారింది. అటువంటి యాప్‌లు పంపే సమయం, డేటా ఆదా చేయడానికి సాధారణంగా చిత్రాన్ని కుదించి పంపుతాయి. అలా కుదించిన చిత్రంలో నుండి ఒక్క ముఖాన్ని కత్తిరించి ఎవరో వర్డ్ ఫైలులో అతికించారు. ఆ ఫైలులో నుండి మా పుటల కూర్పరి దానిని కాపీ చేసి, నేరుగా ఇన్‌డిజైన్ పుటలో అతికించారు. చివరకు ఆ బొమ్మలో మిగిలినవి అడ్డంగా 240 పిక్సెళ్ళు, నిలువుగా 320 పిక్సెళ్ళు. దానిని మేము 10 సెంటీమీటర్ల వెడల్పున అచ్చు వేశాము.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పదవ తరగతి చదువుతున్న పిల్లలు కూడా చేయగలిగినదే. 10 సెంటీమీటర్లు అంటే దాదాపు 3.94 అంగుళాలు. 240ని 3.94తో భాగిస్తే అంగుళానికి 61 పిక్సెళ్ళు వస్తాయి. మంచి ఆర్టు పేపరు మీద ఆఫ్‌సెట్ ముద్రణకు అంగుళానికి సుమారు 300 పిక్సెళ్ళు కావాలి. అంటే పొడవులోనూ వెడల్పులోనూ ఐదవ వంతు సరుకు మాత్రమే మా వద్ద ఉన్నది. వైశాల్యంలో లెక్కిస్తే అది పాతికవ వంతు కన్నా కొంచెం ఎక్కువ. కిలో పిండితో పాతిక మందికి ఇడ్లీ పెట్టబోయినట్లు అయింది మా పని.

ఈ 300 అనే అంక ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకుంటే మిగతా విషయం సులభంగా బోధపడుతుంది. ముద్రణ యంత్రానికి లేత రంగు, ముదురు రంగు అనే భేదం తెలియదు. ఒక చోట సిరా అంటుతుంది లేదా అంటదు, అంతే. బూడిద రంగును చూపించాలంటే సిరాను చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టాలి. లేత చోట చుక్క చిన్నది, ముదురు చోట పెద్దది. దూరం నుండి చూసే మన కన్ను వాటిని కలిపి నీడలుగా గ్రహిస్తుంది. దీనినే హాఫ్‌టోన్ అంటారు. 1880లో న్యూయార్కులోని 'డైలీ గ్రాఫిక్' అనే దినపత్రిక ఈ పద్ధతిలో ఒక ఛాయాచిత్రాన్ని అచ్చు వేసింది. నేటికీ మన ఇంటికి వచ్చే దినపత్రికను భూతద్దంలో చూస్తే ఆ చుక్కలు కనిపిస్తాయి. సెలవునాడు పిల్లలకు తప్పక చూపించవలసిన వింత అది.

అంగుళానికి ఎన్ని వరుసల చుక్కలు అనేదానిని ముద్రాపకులు 'స్క్రీన్' అంటారు. ముతక న్యూస్‌ప్రింటుకు సుమారు 85 స్క్రీన్, నున్నని ఆర్టు పేపరుకు 150 లేదా 175 స్క్రీన్ వాడటం పరిపాటి. చిత్రంలో పిక్సెళ్ళు ఈ స్క్రీన్ సంఖ్యకు ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఉంటే చుక్కలు నిండుగా ఏర్పడతాయి. 150కి రెట్టింపు 300. కనుక 300 అనేది దైవాజ్ఞ కాదు, మన కాగితానికి తగిన లెక్క. గేటు దగ్గర కట్టే పది అడుగుల బ్యానరును దూరం నుండి చూస్తాము కనుక దానికి ఇందులో మూడవ వంతు కూడా అవసరం ఉండదు.

మరి 61 పిక్సెళ్ళ బొమ్మ కంప్యూటరు తెర మీద మా కళ్ళకు ఎందుకు లోపంగా కనిపించలేదు? నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న ఇదే. దీనికీ లెక్కలోనే జవాబు దొరికింది. ఏ-4 పుట మొత్తాన్ని తెరలో ఇమిడేటట్లు చూసినప్పుడు, 29.7 సెంటీమీటర్ల ఎత్తు గల పుట తెర మీద సుమారు 900 పిక్సెళ్ళలో సర్దుకుంటుంది. ఆ లెక్కన 10 సెంటీమీటర్ల బొమ్మకు తెర మీద దక్కేది దాదాపు 300 పిక్సెళ్ళు. మా బొమ్మలో 240 ఉన్నాయి. ఇంచుమించు సరిపోయాయి కనుక తెర మీద బొమ్మ కళకళలాడింది. నేను ప్రూఫు చూసినది సెల్‌ఫోనులో. అక్కడ ఇంకా చక్కగా కనిపించింది. తెర అబద్ధం చెప్పలేదు. తనకు సరిపోయినంత చూపించింది. అచ్చుకు సరిపోతుందా అని దానిని మేము అడగలేదు.

దీనికి సరిగ్గా విరుద్ధమైన సందర్భం కూడా ఉన్నది. బొమ్మలో సరుకు పుష్కలంగా ఉండి కూడా తెర మీద గరుకుగా కనిపిస్తుంది. పుటల కూర్పు సాఫ్ట్‌వేర్ అసలు చిత్రాన్ని పుటలో మింగివేయదు. ఆ చిత్రం డిస్కులో ఎక్కడ ఉన్నదో గుర్తుపెట్టుకుని, పుట మీద దాని చిన్న నమూనాను మాత్రం చూపిస్తుంది. ఆ గుర్తునే లింకు అంటారు. కంప్యూటరు వేగం తగ్గకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇన్‌డిజైన్‌లో వ్యూ మెనూలోని డిస్‌ప్లే పెర్ఫార్మెన్స్‌ను హై క్వాలిటీకి మార్చగానే అదే బొమ్మ తేటగా కనిపిస్తుంది. కొత్తగా పని నేర్చుకునేవారు ఈ సంగతి తెలియక, బాగున్న బొమ్మను ఫోటోషాప్‌లోకి తీసుకువెళ్ళి అనవసరంగా పదును పెట్టి, నిజంగానే పాడుచేసిన సందర్భాలు చూశాను. జబ్బు లేనివాడికి మందు వేసినట్లు.

ఈ ఏర్పాటు నేటిది కాదు. పాల్ బ్రైనర్డ్ స్థాపించిన ఆల్డస్ సంస్థ 1985లో పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరునే ఆయన తన సంస్థకు పెట్టుకున్నారు. అదే సంవత్సరం ఆపిల్ వారి లేజర్‌రైటర్, అందులో అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ భాష వచ్చాయి. ఈ మూడూ కలిసి బల్ల మీద ముద్రణాలయాన్ని సృష్టించాయి. 1994లో ఆల్డస్ సంస్థ అడోబీలో విలీనమైంది. 1999లో ఇన్‌డిజైన్ వచ్చింది. 2001లో వచ్చిన 7.0 పేజ్‌మేకర్‌కు చివరి పెద్ద రూపం. అయినప్పటికీ తెలుగునాట డీటీపీ కేంద్రాలలో దాని ఆయుష్షు ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగింది. అందుకు కారణం మన తెలుగు ఫాంట్లు. అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చడం అలవాటైన చేతులు మరొక సాఫ్ట్‌వేర్‌కు మారడానికి సుముఖంగా లేవు.

నేను సంపాదకవర్గంలో చేరిన 1990 దశకంలో మా డీటీపీ గదిలో ఏసీ ఉన్నది కంప్యూటరు కోసమే. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. పేజ్‌మేకర్‌లో బొమ్మలను పూర్తి వివరంతో చూడాలని అమర్చుకుంటే, ఒక పుట తెర మీదికి వచ్చేలోగా క్యాంటీనుకు వెళ్ళి టీ తాగి రావచ్చు. అందువల్ల బొమ్మ స్థానంలో బూడిదరంగు పెట్టె మాత్రమే కనిపించేటట్లు అమర్చుకుని పని చేసేవారు. పుటల ఫైలు 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పట్టేది. టిఫ్ బొమ్మలు పట్టేవి కావు. ఒకసారి ఫ్లాపీ ఒక్కటే బస్సులో నగరానికి వెళ్ళింది. బొమ్మలు మా కంప్యూటరులోనే ఉండిపోయాయి. లింకు తెగిన చోట సాఫ్ట్‌వేర్ తన వద్దనున్న చిన్న నమూనానే అచ్చుకు పంపింది. వార్షిక క్రీడోత్సవాల సంచికలో లాంగ్ జంప్ చేస్తున్న క్రీడాకారుడు గాలిలో ఇటుకల కుప్పలా కనిపించాడు. ఆనాడు అందరమూ నవ్వుకున్నాము. అసలు పాఠం మాత్రం నేర్చుకోలేదని ఇన్నేళ్ళకు తెలిసింది.

ఆ రోజులలో ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి, దానితోనే ప్లేటు చేయించడం కూడా ఉండేది. అంగుళానికి 300 చుక్కల ప్రింటరు మీద 60 స్క్రీన్ వేస్తే, ఒక్కొక్క హాఫ్‌టోన్ గడికి అడ్డంగా 5, నిలువుగా 5, మొత్తం 25 చుక్కల చోటే దొరుకుతుంది. అంటే తెలుపుతో కలిపి 26 ఛాయలు మాత్రమే. ముఖాల మీద నీడలు మెట్లుగా విడిపోయేవి. 2400 చుక్కల ఇమేజ్‌సెట్టరు మీద 150 స్క్రీన్‌తో ఫిలిం తీస్తే అదే లెక్కన 257 ఛాయలు వస్తాయి. నేడు కంప్యూటరు నుండి నేరుగా ప్లేటుకు పోయే పద్ధతి వచ్చిన తరువాత ఈ బాధ తీరింది. యంత్రం వైపు లోటు లేదు. లోటు అంతా మనం ఇచ్చే సరుకులోనే.

నివాళి పుట విచారణకు తిరిగి వస్తాను. పుటలో బొమ్మను ఎన్నుకుని ఇన్‌డిజైన్‌లో సమాచారం చూస్తే రెండు సంఖ్యలు కనిపిస్తాయి. ఒకటి యాక్చువల్ పీపీఐ, రెండవది ఎఫెక్టివ్ పీపీఐ. మొదటిది ఫైలు మీద రాసి ఉన్న చీటీ వంటిది. రెండవది, ఈ పుట మీద ఈ కొలతలో బొమ్మ నిజంగా ఇవ్వగల సాంద్రత. రెండవదే ప్రమాణం. 300 అని చీటీ ఉన్న బొమ్మను పుట మీద రెండింతలు సాగదీస్తే అసలు బలం 150కి పడిపోతుంది. అదే విధంగా 3000 పిక్సెళ్ళ వెడల్పు గల ఛాయాచిత్రం మీద 72 అని ఉన్నదని భయపడనక్కరలేదు. 72 లెక్కన అది 41 అంగుళాలకు పైగా విస్తరించే బొమ్మ. దానిని 10 అంగుళాలలో అమర్చితే తనంత తానే 300 అవుతుంది. ఫోటోషాప్‌లో 72ను చెరిపి 300 అని టైపు చేసి, బొమ్మ బాగుపడిందని సంతృప్తి చెందేవారున్నారు. కొత్త పిక్సెళ్ళు కలపకుండా చేస్తే అది చీటీ మార్చడమే. కలిపి చేస్తే ఉన్న పిక్సెళ్ళ మధ్య సగటు రంగులు నింపడమే. పాలలో నీళ్ళు పోస్తే గ్లాసు నిండుతుంది, వెన్న పెరగదు.

మా పుటలో మరొక చిక్కు కూడా ఉన్నది. ప్లేస్ అనే ఆదేశంతో ప్రవేశపెట్టకుండా కాపీ చేసి అతికించిన బొమ్మకు లింకు ఏర్పడదు. లింకుల జాబితాలో అది కనిపించదు. కనుక లింకులన్నీ సరిగా ఉన్నాయా అని చూసుకున్న మా కూర్పరికి జాబితాలో ఏ తప్పూ కనబడలేదు. ఆయన తన తనిఖీ తాను నిజాయితీగానే చేశారు. తనిఖీ పట్టికలో లేని యంత్రం చెడిపోయింది.

దీని తరువాత మేము రెండు ఏర్పాట్లు చేసుకున్నాము. ఇన్‌డిజైన్‌లోని ప్రీఫ్లైట్‌లో బొమ్మల కనిష్ఠ సాంద్రతను 225గా నిర్ణయించాము. మన పత్రిక 150 స్క్రీన్‌లో అచ్చవుతుంది కనుక ఒకటిన్నర రెట్లు అన్నమాట. అంతకన్నా తగ్గితే పుట అడుగున ఎర్రటి చుక్క వెలుగుతుంది. ముద్రణాలయానికి పంపేటప్పుడు ప్యాకేజ్ ఆదేశంతో పుటలు, ఫాంట్లు, బొమ్మలు అన్నింటినీ ఒకే సంచిలో కట్టి పంపుతాము. పీడీఎఫ్‌గా పంపినప్పుడు స్మాలెస్ట్ ఫైల్ సైజ్ అనే అమరికను ముట్టుకోము. అది బొమ్మలను అంగుళానికి 100 పిక్సెళ్ళకు దించి, మరింత కుదిస్తుంది. ఈ-మెయిలులో పట్టడం లేదని ఒక ఉన్నతాధికారి సందేశం కోసం ఆ పని చేసి, వార్షిక సంచిక మొత్తాన్ని అదే రూపంలో అచ్చుకు పంపిన ఉదంతం ఒకటి నా ఎరుకలో ఉన్నది. ఆ ఉన్నతాధికారి ఛాయాచిత్రమూ మసకగానే వచ్చింది కనుక ఆ విచారణ మాత్రం త్వరగా ముగిసింది.

ముఖాలకన్నా అక్షరాల విషయంలో ప్రమాదం ఎక్కువ. చాలామంది రచయితలు తెలుగు ఫాంటు కుదరక, వ్యాసాన్నో కవితనో తెర మీది చిత్రంగా తీసి జేపెగ్ రూపంలో పంపుతారు. జేపెగ్ పద్ధతి బొమ్మను 8 పిక్సెళ్ళ పొడవు, 8 పిక్సెళ్ళ వెడల్పు గల గడులుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ కంటికి ఆనని వివరాన్ని వదిలివేస్తుంది. ఆకాశం, చెట్లు, ముఖాలు దీనిని భరిస్తాయి. నల్లని అక్షరపు నిశితమైన అంచు భరించదు. అందులోనూ తెలుగు లిపికి వంపులు, లోపలి సున్నాలు ఎక్కువ. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న చుట్టు మాత్రమే. అది పూడుకుపోతే హ్రస్వమేదో దీర్ఘమేదో తెలియదు. వత్తులు పై అక్షరానికి అతుక్కుపోతాయి. అక్షరాలను అక్షరాలుగానే పంపాలి. వీలుకాకపోతే వాటిని గీతలుగా మార్చి, అంటే డీటీపీ వారు కర్వ్స్ అనేదిగా మార్చి, పంపాలి. గీతల బొమ్మను స్కాన్ చేయవలసి వస్తే అంగుళానికి 1200 ఉండాలి. దానికి 300 చాలదు.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఒకసారి భద్రతా ప్రత్యేక సంచిక కోసం పంపుహౌసు పైపుల అమరిక చిత్రాన్ని ఎవరో జేపెగ్‌గా ఇచ్చారు. అచ్చు ప్రూఫులో ఒక వాల్వు నంబరులోని 3 పూడుకుపోయి 8 వలె కనిపించింది. షాపులోని ఒక సీనియరు ఫోర్‌మన్ దానిని చూసి, "సార్, ఈ పుట గోడకు అంటించారంటే రాత్రి షిఫ్టు కుర్రవాడు వేరే వాల్వు మూస్తాడు" అన్నారు. డ్రాయింగు ఆఫీసు నుండి అసలు గీతల ఫైలు తెప్పించి మార్చాము. అప్పటి నుండి యంత్ర చిత్రాలను జేపెగ్‌గా స్వీకరించడం మానివేశాము.

రంగుల విషయం క్లుప్తంగా చెబుతాను. తెర వెలుగుతో పనిచేస్తుంది, అచ్చు సిరాతో పనిచేస్తుంది. తెర మీది మెరిసే నీలం, పచ్చ కాగితం మీద కొంత మందగిస్తాయి. అది స్పష్టతాలోపం కాదు. దానికి మందు కూడా ఇది కాదు.

ఇక ఆ ఛాయాచిత్రం సంగతి. మా విభాగంలో అప్రెంటిస్‌గా ఉన్న ఒక యువకుడు విషయం విని, "సార్, కృత్రిమ మేధ సాధనం ఉంది. ఒక్క నిమిషంలో బాగుచేస్తాను" అన్నాడు. నిజంగానే ఒక్క నిమిషంలో చేశాడు. తెర మీద చూసి నేను నిర్ఘాంతపోయాను. కనురెప్పలు, చర్మపు రంధ్రాలు, మీసంలో ఒక్కొక్క వెంట్రుక స్పష్టంగా ఉన్నాయి. కాని ఆ మనిషి మా క్రేను ఆపరేటరు కాడు. ఆయన కుడి కనుబొమ్మను చీలుస్తూ పాత గాయపు గాటు ఒకటి ఉండేది. షాపులో అందరూ ఎరుగుదురు. ఈ బొమ్మలో కనుబొమ్మ తీర్చిదిద్దినట్లు ఉన్నది. 240 పిక్సెళ్ళలో ఆ గాటు చేరనేలేదు. సాధనానికి అది తెలిసే అవకాశం లేదు. తాను చూసిన లక్షలాది ముఖాల ఆధారంగా ఇక్కడ ఉండదగిన కనుబొమ్మను అది ఊహించి పెట్టింది. కొండల దృశ్యానికో, సభావేదిక వెనుక పూలమాలలకో ఈ సాధనాలు ఉపయోగపడవచ్చు. మరణించిన మనిషి ముఖానికి పనికిరావు. ఆ కుర్రవాడు కూడా ఒప్పుకుని, "అయితే అసలు ఫోటో వెతుకుదాం సార్" అన్నాడు.

భద్రతా వారోత్సవపు అసలు చిత్రం కోసం ముందుగా ప్రయత్నించాము. తీసిన వ్యక్తి ఈలోగా ఫోను మార్చారు. పాతది లేదు. స్టూడియోలో నెగటివ్‌లు ఎప్పుడో పారవేశారు. రజతోత్సవ సావనీరులో ఆయన ముఖం ఉన్నదని ఒకరు తెచ్చి ఇచ్చారు. కాని అచ్చైన బొమ్మను స్కాన్ చేస్తే అందులోని హాఫ్‌టోన్ చుక్కలకూ స్కానరు వరుసలకూ పొంతన కుదరక, పట్టుచీర మీద మెరుపులా అలలు అలలుగా గీతలు వస్తాయి. దీనిని మొయిరే అంటారు. తొలగించే మార్గం స్కానరులో ఉన్నది కాని, అలలతో పాటు కొంత వివరమూ పోతుంది. దానిని ఆఖరి మార్గంగా ప్రక్కన పెట్టాము.

చివరకు ఆమెకే ఫోను చేశాను. "అమ్మా, ఇంట్లో కాగితం మీద ఉన్న ఫోటో ఏదైనా, ఎంత చిన్నదైనా ఉంటే తీసుకురండి" అన్నాను. మరునాడు కుమారుడితో వచ్చారు. ఆమె తెచ్చినది మన ఆసుపత్రి వైద్య పుస్తకం. మొదటి పుటలో కుటుంబ సభ్యుల పాస్‌పోర్టు ఫోటోలు అంటించి, అంచుల మీద కార్యాలయపు ఊదారంగు ముద్ర వేసి ఉంటుందని మీకందరికీ తెలుసు. ఆయన ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. స్టూడియోలో తీసినది. కుడి కనుబొమ్మ మీది గాటు స్పష్టంగా ఉన్నది.

ఫోటోను ఊడదీయలేదు. ఊడదీస్తే చిరుగుతుంది, పుస్తకమూ చెల్లదు. పుస్తకాన్నే స్కానరు మీద బోర్లించి, మూత పూర్తిగా పడదు కనుక చుట్టూ నల్లగుడ్డ కప్పి, అంగుళానికి 600 చొప్పున స్కాన్ చేశాము. 827 పిక్సెళ్ళ వెడల్పు, 1063 పిక్సెళ్ళ ఎత్తు వచ్చింది. 300తో భాగిస్తే 7 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు. అప్రెంటిస్ కుర్రవాడు 1200తో కూడా స్కాన్ చేసి చూశాడు. ఫైలు నాలుగింతలైంది కాని ముఖంలో కొత్త వివరమేదీ రాలేదు. కాగితపు గరుకుదనం మాత్రం స్పష్టపడింది. ఫోటో కాగితం మీద ఉన్నంతే స్కానరు తీసుకోగలదు. కనుక పాత పుటలోని 10 సెంటీమీటర్ల పెట్టెను 7 సెంటీమీటర్లకు తగ్గించాము. పెద్దదిగా వేయడమే గౌరవమని మొదటిసారి మేము అనుకున్నాము.

ఒక్క విషయంలో సందేహం మిగిలింది. ఊదారంగు ముద్ర అంచు ఆయన భుజం మీదుగా కొంత వచ్చింది. కుర్రవాడు దానిని ఫోటోషాప్‌లో తుడిచివేస్తానన్నాడు. అది ముఖం మీద లేదు కనుక తుడవడంలో తప్పు లేదని నేనూ అనుకున్నాను. అయినా ఆమెను అడిగాము. తెర వైపు చాలాసేపు చూసి, "ఉండనివ్వండి సార్. అది మన కంపెనీ ముద్రే కదా" అన్నారు. అలాగే ఉంచాము.

తరువాతి సంచికలో ఆ పుటను పూర్తిగా తిరిగి వేశాము. ముందు సంచికలోని లోపానికి సంపాదకవర్గం తరఫున ఒక వాక్యం క్షమాపణ కూడా చేర్చాము. వెలువడిన రోజున ఆమె కుమారుడు వచ్చి ఐదు ప్రతులు తీసుకున్నాడు. వెళ్ళబోతూ, "అంకుల్, ఆ ఫోటో నా ఫోనుకు మెసేజ్‌లో పంపుతారా?" అని అడిగాడు. కూర్చోమని చెప్పి, స్కాన్ చేసిన టిఫ్ ఫైలును కుదించకుండా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాను. ఫైలుకు పేరు నేనే పెట్టాను. మొదట వాళ్ళ నాన్నగారి పేరు, తరువాత స్టాఫ్ నంబరు, ఆ తరువాత 'అసలు ప్రతి'.